పాత మాట చాలని చోట

ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు ఉద్యోగ జీవితమంతా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకే సైన్సు చెప్పారు. ఆ మూడు తరగతులను పదో తరగతికి వెళ్ళే దారిలో మజిలీలుగా చూడడం మనకు అలవాటు. నిజానికి సైన్సు ఒక వేరే భాషగా పిల్లలకు ఎదురుపడేది అక్కడే. అయిదో తరగతి దాకా పరిసరాల విజ్ఞానంలో ఆకు, వేరు, ఆవిరి, మంచు అని పలకరించిన లోకం రెండేళ్ళు తిరిగేసరికి పత్రహరితం, బాష్పోత్సేకం, సాంద్రీకరణం, ద్రవ్యరాశి అయిపోతుంది. ఈ మాటలను ఎలా నేర్పాలన్నది ఇవాళ నేను మాట్లాడదలచుకున్న విషయం. నా వాదన చిన్నది. అప్పటిదాకా వాడుతున్న మాట ఇక్కడ చాలడం లేదని పిల్లలకు స్వయంగా తెలిసొచ్చినప్పుడే శాస్త్రపదాన్ని వాళ్ళ చేతికివ్వాలి. అంతకుముందే ఇస్తే బట్టీపట్టడం తప్ప దానితో వాళ్ళు చేయగలిగింది ఏమీ ఉండదు. మన పాఠాలు, వాటికంటే ఎక్కువగా మన పరీక్షలు, ఈ క్రమాన్ని తలకిందులు చేస్తున్నాయి.

తెలుగులో శాస్త్రపదాలు ఎవరి కోసం పుట్టాయో ఒకసారి గుర్తు చేసుకుంటే ఈ తలకిందులు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు గారు, ఆయన మిత్రులు విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించినప్పుడు వాళ్ళ కళ్ళ ముందున్న పాఠకులు తెలుగు బాగా చదవగలిగిన పెద్దలు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య బోధించడానికి దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను ఆసరా చేసుకుని, అరబ్బీ పారశీక ధాతువుల నుంచి వేల పదాలు తయారు చేయించింది. అవి కళాశాల విద్యార్థుల కోసం. 1968లో తెలుగు అకాడమి ఏర్పడినప్పుడు దాని ముందున్న తక్షణ కర్తవ్యం ఇంటర్మీడియట్, డిగ్రీ పుస్తకాలు. ఈ ప్రయత్నాలన్నిటిలోనూ పదం కట్టినవారికి భావం ముందే తెలుసు, పేరు ఒక్కటే కావాలి. కిరణజన్య సంయోగక్రియ అన్న మాట చూడండి. ఆకులో ఏం జరుగుతుందో తెలిసినవారికి అది ఒక చక్కని సారాంశం. కిరణం వల్ల పుట్టే, కలయిక జరిపే క్రియ. గాలి, నీరు కలిసి ఆహారం కాగలవని ఊహకైనా రాని పన్నెండేళ్ళ పిల్లకు అదే మాట నోరు తిరగని పది అక్షరాల వరస. ఇది తెలుగు చేసిన తప్పని కొందరు అంటారు. ఇంగ్లీషు పిల్లలకు ఫోటోసింథసిస్ అన్న గ్రీకు మాట ఇంతకంటే తేలికేం కాదు. పండితుడు భావం నుంచి పేరుకు నడిచాడు. అదే పేరును పట్టుకుని పిల్లలు భావానికి నడవాలని మనం ఆశిస్తున్నాం. దారి ఒకటే అయినా అది వెనక్కి నడిచే దారి.

అయితే పిల్లలు బడికి ఉత్త చేతులతో రారు. వాళ్ళ దగ్గర ఇంటి తెలుగు ఉంది. దండెం మీద బట్టలు ఆరతాయి. పొయ్యి మీద కూర ఇగురుతుంది. ఒంటి మీద చెమట ఆరిపోతుంది. నౌపడ, చినగంజాం ఉప్పుమడుల్లో సముద్రపు నీరు ఎండకు పోయి ఉప్పు పండుతుంది. ఎండాకాలం చెరువు ఇంకిపోతుంది. ఇన్ని క్రియలున్న భాషలో ఇవన్నీ ఒకే పని అని చెప్పడానికి మాత్రం మాట లేదు. కూర ఇగరడానికీ బట్ట ఆరడానికీ సంబంధం ఉందని ఇంట్లో ఎవరూ అనరు, అనవలసిన అవసరమూ లేదు. నీరు ఆవిరై గాలిలో కలుస్తోందని, ఈ దృశ్యాలన్నిటికీ మూలం అదేనని తరగతిలో పిల్లలు గుర్తించినప్పుడు మొదటిసారి ఒక పేరు కావలసి వస్తుంది. అప్పుడు బాష్పీభవనం అనండి, ఆ పదానికి పని దొరుకుతుంది. ఇగరడంలో మరగడం కూడా కలిసి ఉందని, దండెం మీద బట్టకు మరిగేంత వేడి అక్కర్లేదని చెప్పడం తర్వాతి మెట్టు. చెరువు సంగతి ఇంకా రుచికరమైనది. ఇంకడం అన్న మాట నేలలోకి దిగిపోయిన నీటికీ వాడతాం, ఎండకు తరిగిపోయిన నీటికీ వాడతాం. ఈ చెరువు నీళ్ళు కిందికి పోయాయా, పైకి పోయాయా అని అడిగితే చాలు, ఒక పీరియడు మొత్తం ఆ ఒక్క క్రియాపదం చుట్టూ నడుస్తుంది.

భాష విడదీసిన వాటిని సైన్సు కలిపిన సందర్భం ఇది. దీనికి ఎదురు సందర్భం మరింత కఠినం. భాష కలిపేసిన వాటిని సైన్సు విడదీస్తుంది. బలం, శక్తి, సామర్థ్యం, ఈ మూడూ ఇంటి మాటల్లో ఇంచుమించు ఒకటే. భౌతికశాస్త్రంలో మూడు వేర్వేరు రాశులు, మూడు వేర్వేరు ప్రమాణాలు. వడి, వేగం ఊళ్ళో పర్యాయపదాలు. పుస్తకంలో వేగానికి దిశ ఉంది, వడికి లేదు. బరువును చూడండి. కూరగాయల తక్కెడలో రాయి ఒకవైపు, వంకాయలు ఒకవైపు వేసి తూచేదాన్ని బరువు అంటాం. ఆ తక్కెడను చంద్రుడి మీదికి తీసుకెళ్ళినా ముల్లు అక్కడే నిలుస్తుంది, ఎందుకంటే రాయీ వంకాయలూ రెండూ ఒకే నిష్పత్తిలో తేలికవుతాయి. స్ప్రింగు త్రాసుకు తగిలిస్తే మాత్రం ఆరోవంతే చూపిస్తుంది. ఒకే వంకాయలకు రెండు త్రాసులు రెండు జవాబులు ఎందుకు చెప్పాయి అన్న చిక్కులో పడితేనే బరువు అన్న మాట రెండుగా చీలుతుంది, ద్రవ్యరాశి అన్న పేరుకు చోటు దొరుకుతుంది. చెమర్చడం కూడా అలాంటిదే. మట్టికుండ చెమర్చింది అంటాం, మంచునీళ్ళు పోసిన స్టీలు గ్లాసు చెమర్చింది అంటాం. కుండ మీది తడి లోపలి నుంచి సన్నని రంధ్రాల గుండా వచ్చింది. గ్లాసు మీది తడి బయటి గాలిలోది. రెంటినీ పక్కపక్కన పెట్టకుండా సాంద్రీకరణం అన్న పదాన్ని నిర్వచించే పాఠం ఒక గొప్ప అవకాశాన్ని పోగొట్టుకుంటోంది.

దీన్నిబట్టి నాకు తోచేది ఏమిటంటే, పిల్లలకు ఎక్కువ హాని చేసేవి నోరు తిరగని పదాలు కావు. పత్రహరితం కొత్తదని పిల్లలకు తెలుసు, జాగ్రత్తపడతారు. పని అన్న మాట తమకు తెలుసనుకుంటారు, అక్కడే జారిపడతారు. సిమెంటు బస్తా భుజాన పెట్టుకుని పది నిమిషాలు కదలకుండా నిలబడ్డ హమాలీ బస్తా మీద ఏ పనీ చేయలేదని భౌతికశాస్త్రం అంటుంది. ఈ వాక్యాన్ని విడమరచి చెప్పని తరగతిలో కూలివాళ్ళ బిడ్డ ఒకరుంటే ఆ బిడ్డ సైన్సు మీద నమ్మకం పోగొట్టుకున్నా ఆశ్చర్యం లేదు. ఆ హమాలీ కండరాలు శక్తిని ఖర్చు చేస్తూనే ఉన్నాయి, అతని శ్రమ నిజమైనది, పని అన్న మాటను మాత్రం ఇక్కడ ఒక ఇరుకైన అర్థంలో వాడుతున్నాం అని చెప్పడం ఉపాధ్యాయుడి బాధ్యత. బ్రిటన్‌లో కాసెల్స్, జాన్‌స్టన్ అనే రసాయనశాస్త్ర విద్యా పరిశోధకులు 1980ల్లో చేసిన అధ్యయనాలు ఇలాంటి విషయాన్నే బయటపెట్టాయి. పారిభాషిక పదాల దగ్గరే కాదు, సైన్సు పాఠంలో వాడే మామూలు ఇంగ్లీషు మాటల దగ్గర కూడా విద్యార్థులు తరచుగా తప్పుదారి పడుతున్నారని వాళ్ళు చూపించారు. మన పుస్తకాల్లో ఊహించండి అని ఉంటుంది. కల్పన చేయమనా, కారణం ఆలోచించి ఫలితం ముందే చెప్పమనా? ఘనపరిమాణం అన్న మాటలో ఘన అని ఉంది కదా, అది ఘనపదార్థాలకే ఉంటుందా అని ఏ పిల్లవాడైనా అనుకుంటే ఆ తప్పు వాడిది కాదు.

పదాలను విడగొట్టి, ధాతువులు చెబితే సరిపోదా అని భాషాభిమానులు అడుగుతారు. కొంతవరకు సరిపోతుంది, అది చేయాలి కూడా. సూక్ష్మదర్శిని, దూరదర్శిని పక్కపక్కన రాసి చూపితే దర్శిని అంటే ఏమిటో పిల్లలే చెబుతారు. ఏకదళబీజం, ద్విదళబీజం అనేముందు కందిగింజ, వరిగింజ చేతికిచ్చి కంది రెండు బద్దలవుతుంది కదా, వరి ఎందుకు కాదు అని అడిగితే ఆ సంస్కృతపు ముక్కలు ఒక్కసారిగా వెలుగుతాయి. కానీ ధాతువును నమ్ముకుంటే మోసపోయే చోట్లూ ఉన్నాయి. మంచు కరిగి నీరవడాన్ని ద్రవీభవనం అంటాం. ఆ మాటకు అక్షరాలా అర్థం ద్రవంగా మారడం. మరి ఆవిరి నీరుగా మారినా ద్రవంగా మారినట్టే కదా? దానికి మాత్రం సాంద్రీకరణం అని వేరే పేరు పెట్టాం, పైగా సాంద్రత అన్న మాటను ఇంకో చోట మరో రాశికి వాడాం. వక్రీభవనం అంటే వంకర తిరగడం. యానకం మారేచోట కిరణం దిశ మార్చుకుంటుంది తప్ప విల్లులా వంగదు. చురుకైన పిల్లలు, అంటే పదాన్ని విప్పి చూసే పిల్లలే, ఇక్కడ ఎక్కువగా తప్పు చేస్తారు. వస్తువును, ప్రయోగాన్ని చూసి తెలుసుకున్న అర్థానికి ధాతువు తోడు రావాలి. దాని స్థానంలోకి రాకూడదు.

ఇది నా ఊహ మాత్రమే కాదనడానికి ఒక అధ్యయనం చెబుతాను. అమెరికాలో బ్రయన్ బ్రౌన్, కిహ్యున్ ర్యూ అనే పరిశోధకులు 2008లో దాన్ని ప్రచురించారు. అయిదో తరగతి పిల్లలను రెండు బృందాలు చేసి రెండింటికీ ఒకే పాఠం, కిరణజన్య సంయోగక్రియే, బోధించారు. ఒక బృందానికి మొదటి నుంచీ శాస్త్రపదాలతో చెప్పారు. రెండో బృందానికి భావాలన్నిటినీ మామూలు ఇంగ్లీషులో చెప్పి, అవి కుదురుకున్నాక శాస్త్రపదాలు పరిచయం చేశారు. చివర్లో పరీక్ష పెడితే రెండో బృందమే మెరుగ్గా రాణించింది. ఒక్క అధ్యయనం మీద భవనం కట్టకూడదు, నిజమే. కానీ ఇది ఇంతకుముందు ఇద్దరు పూర్తిగా వేరు వేరు దారుల్లో వచ్చి చెప్పిన మాటతో కలుస్తోంది. 1934లో వచ్చిన తన గ్రంథంలో రష్యన్ మనస్తత్వవేత్త విగోత్‌స్కీ, బడిలో నేర్చిన శాస్త్రభావం పైనుంచి కిందికి, అనుభవంలో పుట్టిన భావం కిందనుంచి పైకి పెరుగుతాయని, రెండూ ఒకదానికొకటి దారి వేసుకుంటాయని వాదించాడు. 1966లో అమెరికా సైన్సు ఉపాధ్యాయుల సభలో మాట్లాడిన భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్, నేర్చుకున్న కొత్త పదాన్ని వాడకుండా నేర్చుకున్నదాన్ని సొంత మాటల్లో చెప్పగలరా అన్నదే పరీక్షగా పెట్టాడు. బొమ్మ ఎందుకు కదిలింది అంటే శక్తి వల్ల అని రాయిస్తే పిల్లలకు సైన్సు ఏమీ తెలియలేదని ఆయన ఆవేదన. మన బిట్ పేపర్లలో అచ్చంగా అదే జవాబుకు మార్కు వేస్తున్నాం.

ఇంటి మాటలను తరగతిలోకి రానిస్తే వాటితోపాటు తప్పుడు భావాలు కూడా వస్తాయన్నది బలమైన అభ్యంతరం. సూర్యుడు ఉదయించాడు అంటూనే ఉంటే భూభ్రమణం ఎలా ఎక్కుతుంది? ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ భావాలు మనం పిలిస్తే రావు, పిలవకపోతే ఆగవు. పరీక్షలో ఉష్ణం, ఉష్ణోగ్రతల తేడా చక్కగా రాసిన విద్యార్థే ఇంటికెళ్ళి రెంటినీ వేడి అనుకుంటాడు. రెండు మాటలూ వాడి తలలో వేర్వేరు గదుల్లో ఉన్నాయి, మధ్య తలుపు లేదు. కోస్తాలో పుట్టిన ప్రతి బిడ్డా అక్టోబరు, నవంబరు నెలల్లో అల్పపీడనం, వాయుగుండం, తుపాను అన్న వరస వింటూ పెరుగుతుంది. రేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారో పెద్దలు మాట్లాడుకుంటుంటే వింటుంది. పీడనం అన్న మాటను ఎనిమిదో తరగతి పాఠం కొత్తదిగా పరిచయం చేసే వేళకు అది ఆ బిడ్డకు వానకూ భయానికీ మరో పేరుగా ఎప్పుడో అలవాటైపోయింది. అల్పం అంటే తక్కువ కదా, తక్కువైతే ముంచుకొచ్చేది ఏమిటి? ఈ ప్రశ్న అడిగించగలిగితే చుట్టూ ఎక్కువ పీడనం ఉన్న చోటు నుంచి గాలి ఆ తక్కువ వైపు తోసుకొస్తుందని, పైకి లేచిన తేమగాలి చల్లబడి మేఘమవుతుందని పిల్లలే అంచెలంచెలుగా చేరుకుంటారు. అడగకపోతే రేడియోలో అల్పపీడనం, పుస్తకంలో పీడనం ఎప్పటికీ పరిచయం లేని ఇరుగుపొరుగులు.

ఇక ఇవాళ అందరి నోటా వినిపించే ఆక్షేపణ. బడులే ఇంగ్లీషు మీడియం అయిపోతుంటే ఈ తెలుగు మాటల గొడవ ఎందుకు? ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి ఇంగ్లీషు మీడియం ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసినా ఆ మొగ్గు ఆగలేదు. తెలంగాణలో 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. తల్లిదండ్రుల కోరికను తప్పుపట్టే అధికారం నాకు లేదు. కూలి డబ్బులు కూడబెట్టి ఫీజు కట్టే తల్లికి ఇంగ్లీషు అంటే ఏమిటో, అది లేకపోతే ఏం పోతుందో బాగా తెలుసు. నా సమాధానం వేరు. పదం ఇంగ్లీషుదైన కొద్దీ ఇంటి మాట అవసరం పెరుగుతుంది, తగ్గదు. ఎవాపరేషన్ అన్న మాటకు పిల్లల అనుభవంలోకి ఉన్న దారి ఆరడం, ఇగరడం మీదుగానే పోతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని, పెళ్ళిలో పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్ళు అలాగే తయారవుతాయని తెలిసిన పిల్లకు క్షారం అన్నా, బేస్ అన్నా, ఇండికేటర్ అన్నా ఒక పట్టు దొరుకుతుంది. అదే పసుపునీళ్ళలో చౌడు మట్టి కలిపిన నీళ్ళు పోసి చూద్దాం, రంగు మారుతుందా అని ఆ పిల్లే అడిగితే అప్పటికే సైన్సు మొదలైంది. రెండు రాష్ట్రాల్లోనూ వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఇది మంచి ఏర్పాటు. కానీ ఆ రెండు పేజీలూ పండితుల భాషలే. ఎడమన బాష్పీభవనం, కుడిన ఎవాపరేషన్ ఉంటే ఒక తెలియని మాటకు ఇంకో తెలియని మాట అర్థంగా నిలుస్తోంది. ఇంటి తెలుగుకు ఆ పేజీల మార్జిన్‌లో కొంచెం చోటు కావాలి.

సమయం లేదన్న మాట ఉపాధ్యాయులు అంటే నేను తలవంచుతాను. సిలబస్ పూర్తి చేయాలి, యూనిట్ పరీక్ష పెట్టాలి, ఒక్కో బడిలో భౌతికం, జీవశాస్త్రం రెండూ ఒక్కరే చూసుకోవాలి. ఒక్కో పదానికి ఒక్కో పీరియడు ఎక్కడ నుంచి వస్తుంది? అన్ని పదాలకూ అక్కర్లేదు. పాఠం చివర కీలక పదాలని పెట్టెలో ఇచ్చే మాటల్లో కొన్ని పేర్లు మాత్రమే. పుష్పంలోని భాగాల పేర్లు పటం చూపించి చెప్పేస్తే సరిపోతుంది, మరిచిపోయినా పెద్ద నష్టం లేదు. ద్రవ్యరాశి, పీడనం, శక్తి, కణం, బాష్పీభవనం లాంటివి వేరు. వాటి మీద తర్వాతి ఆరేడేళ్ళ చదువు నిలబడుతుంది. సంవత్సరానికి అలాంటి ఇరవై మాటలు ఎంచుకుని వాటి మీద సమయం వెచ్చించడం, మిగతా వాటిని తేలిగ్గా దాటిపోవడం ఉపాధ్యాయుడికి అనుమతి ఉండాల్సిన పని. ఆ అనుమతి ఇచ్చేది పరీక్ష. బాష్పీభవనాన్ని నిర్వచించుము అని అడిగినంత కాలం నిర్వచనమే బోధిస్తారు. దండెం మీది బట్ట, ఉప్పుమడి, చెమట, వీటిని ఒకే పదంతో ఎందుకు పిలుస్తాం, కుండ మీది తడినీ గ్లాసు మీది తడినీ ఎందుకు పిలవం అని అడిగితే తరగతి గది తానే మారుతుంది. ఇలాంటి ప్రశ్నలు దిద్దడం కష్టమని అంటారు. కష్టమే. వాటికి ఒకే సరైన వాక్యం ఉండదు, చదివి మార్కు వేయాలి.

ఒక ప్రశ్న మిగిలింది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇంటి తెలుగు, ఇంటి తెలుగు అంటున్నాను. ఇంట్లో తెలుగే లేని పిల్లల సంగతి? ఆదిలాబాద్‌లో గోండీ, భద్రాచలం చుట్టుపక్కల కోయ, శ్రీకాకుళం కొండల్లో సవర మాట్లాడే పిల్లలకు ఇగరడం కూడా బడిలో నేర్చుకోవలసిన మాటే. అంటే వాళ్ళు బాష్పీభవనం చేరడానికి రెండు మెట్లు ఎక్కాలి. ఉపాధ్యాయుడికి ఆ భాష రాకపోవచ్చు. అయినా తడిబట్ట, నీటి గిన్నె చూపించి మీ ఇంట్లో దీన్నేమంటారు అని అడగడానికి ఆ భాష రావలసిన పని లేదు. పిల్లలు చెప్పిన మాటను తెలుగు లిపిలో బోర్డు మీద రాసి, దాని కింద ఆరడం, దాని కింద బాష్పీభవనం, దాని కింద ఎవాపరేషన్ రాస్తే ఆ బోర్డు మీద మొట్టమొదటి మాట ఆ పిల్లలదే అవుతుంది. పిల్లలు చెప్పిన ఆ మాట ఆరడాన్నీ ఇంకడాన్నీ వేరు చేస్తుందో లేదో, తెలుగు చూడని తేడా ఏదైనా అది చూస్తుందో, అప్పుడు తరగతి మొత్తం కలిసి వెతకవచ్చు.